కడుపు మాట మెదడు వింటాదా?

పోయిన నెల ఈ కాలమ్‌లో నిద్ర పట్టడం లేదని రాసిన ఒక అమ్మాయికి జవాబు చెప్తా, చివర్లో "కడుపులో ఉండే బ్యాక్టీరియాకి మనసుకి కూడా సంబంధం ఉందని తేలుతా ఉంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేసినాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయనుకోలేదు. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచే ఎక్కువ వచ్చినాయి, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఒక మాట ముందే చెప్తా, నేను డాక్టరుని కాదు, కర్నూలులో డిగ్రీ పిల్లలకి ముప్ఫై ఏళ్లు మైక్రోబయాలజీ చెప్పినదాన్ని. బ్యాక్టీరియా గురించి అయితే ధైర్యంగా చెప్తా, మాత్ర ఆపమనో మార్చుకోమనో మాత్రం చెప్పను, అది మీ డాక్టరు చూసుకోవాల్సిన పని.

ప్రశ్న: మేడం, నేను నంద్యాలలో బ్యాంక్ కోచింగ్ తీసుకుంటున్నా. మాక్ టెస్ట్ ఉందంటే చాలు పొద్దున్నే మూడు నాలుగు సార్లు బాత్రూంకి పోవాల. రూమ్‌లో ఫ్రెండ్స్ నవ్వుతారు. ఎనిమిది నెలల నుంచి పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నా, ఏం తేడా లేదు. ఎండోస్కోపీ చేయించుకుంటే నార్మల్ అన్నారు. ఇది కడుపు జబ్బా, లేకపోతే నా మనసే బలహీనమా?
— ఒక విద్యార్థి, నంద్యాల

జవాబు: నాయనా, ముందు ఆ "బలహీనం" అనే మాట తీసి పక్కన పెట్టు. కడుపా మనసా అని రెండుగా విడదీసి అడిగినావు చూడు, చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే ఒంట్లో అవి విడిగా లేవు. అన్నవాహిక నుంచి కిందిదాకా పేగుల గోడల్లో పది కోట్లకి పైగా నరాల కణాలు ఉంటాయి, అందుకే దాన్ని రెండో మెదడు అని కూడా అంటారు. అక్కడి నుంచి తలకాయ దాకా వేగస్ అనే పొడుగు నరం పోతాది. మామూలుగా మనం ఏమనుకుంటాం, మెదడు ఆర్డర్ వేస్తాది, కడుపు వింటాది అనుకుంటాం. కానీ ఆ నరంలో ఉండే తీగల్లో పదింటికి ఎనిమిది కిందినుంచి పైకి కబురు మోసేవే. అంటే మెదడు చెప్పేదానికంటే కడుపు చెప్పేదే ఎక్కువ అన్నమాట.

ఇప్పుడు నీ మాక్ టెస్ట్ సంగతికి వద్దాం. పరీక్ష అనంగానే మెదడు ప్రమాదం వచ్చిందనుకుని ఒంట్లోకి కార్టిసాల్ లాంటి స్ట్రెస్ హార్మోన్లు వదులుతాది, దాంతో పొట్టలో అరుగుదల నెమ్మదిస్తాది, పెద్దపేగు మాత్రం స్పీడ్ అందుకుంటాది. అందుకే పైన తిన్నది తిన్నట్టే ఉన్నట్టు బరువుగా ఉంటాది, కింద పరిగెత్తాల్సి వస్తాది. ఇది ఇప్పుడు కొత్తగా కనుక్కున్నది కాదు. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే మనిషికి తుపాకీ పేలి పొట్టకి తూటు పడింది, ప్రాణం నిలిచింది గానీ ఆ తూటు పూడలేదు, విలియం బోమాంట్ అనే డాక్టరు ఆ తూటులోంచే ఏళ్ల తరబడి పొట్ట లోపల ఏం జరుగుతోందో చూసినాడు. ఆ మనిషికి కోపం వచ్చినప్పుడు అరుగుదల మారిపోవడం ఆయన కళ్లతో చూసి రాసిపెట్టినాడు. రెండొందల ఏళ్ల కిందట ఒక డాక్టరు కళ్లారా చూసినదాన్ని ఈరోజు నీ ఫ్రెండ్స్ "భయపడి చస్తున్నాడ్రా" అని నవ్వుతున్నారంటే వాళ్లకి తెలీకనే.

మరి బ్యాక్టీరియా ఎక్కడ వస్తాయంటావా. మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు లెక్క గట్టినారు, అన్నీ కలిపి తూకం వేస్తే రెండొందల గ్రాములు, ఎక్కువ శాతం పెద్దపేగులోనే. (మన కణాలకంటే పదింతలు ఎక్కువ అని పాత పుస్తకాల్లో ఉండేది, నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పినాను, అది తప్పని తేలింది, దాదాపు సమానంగా ఉంటాయి. నా స్టూడెంట్స్ ఎవరైనా చదువుతుంటే దిద్దుకోండి.) ఈ బ్యాక్టీరియా మనం తిన్న పీచుని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు చేస్తాయి, పేగు గోడలో కణాలని కదిలిస్తాయి, రోగనిరోధక కణాలతో మాట్లాడతాయి, ఆ కబుర్లలో కొన్ని వేగస్ నరం ఎక్కి పైకి పోతాయి. వరసగా ఎనిమిది నెలలు టెన్షన్, రాత్రి రెండింటిదాకా చదువు, మెస్‌లో అన్నం సాంబారు తప్ప ఇంకేం లేకపోవడం, ఇవన్నీ ఆ బ్యాక్టీరియా కూర్పుని మారుస్తాయి, మారిన కూర్పు మళ్లీ పేగుని సున్నితం చేస్తాది. గానుగెద్దు మాదిరి తిరుగుతా ఉంటాది ఇది.

నీకు రెండు మాటలు గట్టిగా చెప్పాల. ఒకటి గ్యాస్ మాత్ర. మన రాయలసీమలో ఛాతీలో మంట వచ్చినా గ్యాసే, వీపు పట్టినా గ్యాసే, బాధతో గొంతులో ఏదో అడ్డం పడినట్టున్నా గ్యాసే, మెడికల్ షాపుకి పోతే పేరు కూడా అడక్కుండా మాత్ర చేతిలో పెడతారు. ఆ మాత్ర పొట్టలో ఆసిడ్ తగ్గిస్తాది. ఆసిడ్ అంటే మంట పెట్టేదే కాదు, అది లోపలికి పోయే క్రిములని చంపే కాపలా కూడా. నెలల తరబడి దాన్ని తగ్గిస్తే నోట్లో ఉండాల్సిన బ్యాక్టీరియా పేగుల్లోకి దిగుతాయి, ఏళ్ల తరబడి వాడితే బీ12 కూడా ఒంటికి పట్టడం తగ్గుతాది. అవసరమున్నవాళ్లకి అది మంచి మందే, నీకు అవసరమా కాదా అనేదే ప్రశ్న. అట్లని ఇది చదివి రేపే ఆపేయొద్దు, ఉన్నట్టుండి ఆపితే ఆసిడ్ రెట్టింపుగా ఊరి మంట పుడతాది, డాక్టరుని అడిగి మెల్లగా తగ్గించుకోవాల.

రెండోది, నీ లక్షణాలు చూస్తే ఐబీఎస్, అంటే పుండు లేకపోయినా పేగు అతిగా సున్నితమయ్యే సమస్య, కావచ్చు, డాక్టరు దగ్గర ఆ పేరెత్తి అడుగు. ఇది మొదలైన కొత్తలో టైఫాయిడో, మెస్ తిండి పడక వాంతులు విరేచనాలో వచ్చినాయా అని గుర్తు చేసుకో, ఎందుకంటే అట్లా పేగు ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి తర్వాత ఐబీఎస్ మిగిలిపోతాది. ఎండోస్కోపీ నార్మల్ అంటే నొప్పి అబద్ధమని కాదు, పుండు లేదని మాత్రమే. దీనికి మందులూ ఉన్నాయి, మాటలతో చేసే థెరపీ కూడా బాగా పనిచేస్తుందని తేలింది. మోషన్‌లో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేచి పోవాల్సి వస్తున్నా, జ్వరం ఉన్నా అది వేరే సంగతి, అప్పుడు మాక్ టెస్ట్ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి పో.

ప్రశ్న: అమ్మా, కడుపులో పురుగులు మెదడుని ఆడిస్తాయంటే నాకు నమ్మబుద్ధి కావడంలేదు. ఇదంతా పెరుగు డబ్బాలు, పౌడర్లు అమ్ముకునేవాళ్లు పుట్టించిన మాట కాదా? మనిషి విషయంలో రుజువు ఏముంది చెప్పండి.
— ఒక రైతు, తాడిపత్రి

జవాబు: అన్నా, పురుగులు వేరు, బ్యాక్టీరియా వేరు, కానీ మీ అనుమానం మాత్రం వంద శాతం సరైందే. అమ్ముకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రుజువు అడిగినారు కాబట్టి ఎలుకల ముచ్చట తర్వాత చెప్తా, ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా.

1994లో మా చిన్నాయనకి, డోన్ దగ్గర పల్లె మాది, లివర్ చెడిపోయింది. మందు తాగి కాదు, ఎప్పుడో వచ్చిన కామెర్లు లోపల్లోపలే తినేసినాయి. కొన్నాళ్లకి పగలంతా నిద్రపోతాడు, రాత్రంతా మేలుకుని కూర్చుంటాడు. సంబంధం లేని మాటలు. ఒకరోజు మా చిన్నమ్మని చూసి "ఎవరమ్మా నువ్వు" అన్నాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించినారు, పది రోజులు దానికే పోయినాయి. తర్వాత ఒక ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడ పిచ్చి అనుకుని నిద్ర ఇంజెక్షన్ వేసినారు, దాంతో మనిషి ఇంకా మత్తులోకి జారిపోయినాడు. ఇంకో చోటికి మార్చినాక ఒక పెద్ద డాక్టరు వచ్చి చిన్నాయన రెండు చేతులూ ముందుకి చాపించి, అరచేతులు పైకి ఎత్తి పెట్టమన్నాడు, అవి పక్షి రెక్కల మాదిరి టపటపా కొట్టుకున్నాయి. "మోషన్ అయి ఎన్ని రోజులైంది" అని అడిగినాడు. ఐదు రోజులు అని చిన్నమ్మ చెప్పింది. ఆయన రాసిచ్చింది తీపి సిరప్, లాక్టులోజ్. మేమంతా ముఖముఖాలు చూసుకున్నాం, మతి తప్పినోడికి విరేచనాల మందేంది అని. మూడో రోజు పొద్దున చిన్నాయన కళ్లు తెరిచి నన్ను చూసి "పాపా, సజ్జ రొట్టె తెచ్చినావా" అన్నాడు.

ఆ రోజుకి నేను పిల్లలకి బ్యాక్టీరియా పాఠాలు చెప్తానే ఉన్నాను, అయినా నాకు తట్టలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. జరిగేది ఏమిటంటే, పేగుల్లో బ్యాక్టీరియా మాంసకృత్తుల్ని విడగొట్టేటప్పుడు అమ్మోనియా పుడతాది. మంచి లివర్ దాన్ని యూరియాగా మార్చి ఒంటేలులో బయటికి పంపించేస్తాది. లివర్ గట్టిపడిపోతే ఆ అమ్మోనియా రక్తంలో తిరిగి మెదడుకి ఎక్కుతాది, మనిషి మతి తప్పుతాడు. లాక్టులోజ్‌ని మనం అరిగించుకోలేం, బ్యాక్టీరియా తింటాయి, తిని ఆమ్లం చేస్తాయి, ఆ పులుపుకి అమ్మోనియా రక్తంలోకి పోలేకుండా పేగులోనే చిక్కుకుని మోషన్‌లో పోతాది. పేగులోనే పనిచేసి రక్తంలోకి పెద్దగా పోని రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ కూడా దీనికే ఇస్తారు. అంటే పేగు బ్యాక్టీరియా చేసే పనిని అదుపు చేస్తే తప్పిన మతి తిరిగొచ్చింది. అన్నా, ఇంతకంటే రుజువు ఇంకేం కావాల? ఏ లివర్ వార్డుకైనా పోయి అడగండి, రోజూ వాడే మందే ఇది. మీ ఊర్లో లివర్ జబ్బు ఉన్నవాళ్లు ఉన్నట్టుండి తిక్కతిక్కగా మాట్లాడితే తాయెత్తుల కోసం తిరగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి పొండి, మోషన్ అయి ఎన్ని రోజులైందో మీరే ముందు చెప్పండి.

ఇక దిగులు, ఆందోళన సంగతి. అక్కడ రుజువు ఇంత గట్టిగా లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తా. 2004లో జపాన్‌లో క్యుషు యూనివర్సిటీవాళ్లు పుట్టినప్పటి నుంచి ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా పెంచిన ఎలుకల్ని కాసేపు కదలకుండా ఇరికించి పెడితే, మామూలు ఎలుకలకంటే వాటికి స్ట్రెస్ హార్మోన్ చాలా ఎక్కువ ఎగిసింది. బిఫిడోబ్యాక్టీరియా రకం ఒకటి పట్టిస్తే సర్దుకుంది. చిన్న వయసులో మామూలు బ్యాక్టీరియా ఎక్కిస్తే ఫలితం కనపడింది, పెద్దయినాక ఎక్కిస్తే కనపడలేదు. 2011లో ఐర్లండ్‌లోని కార్క్‌లో లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా రకం ఒకటి పట్టించిన ఎలుకల్లో బెదురు తగ్గింది, అదే వేగస్ నరం కత్తిరించిన ఎలుకల్లో తగ్గలేదు, అంటే కబురు పోయిన దారి ఆ నరమే అని తేలింది. 2016లో అక్కడివాళ్లే డిప్రెషన్ ఉన్న మనుషుల మలంలోని బ్యాక్టీరియాని ఎలుకలకి ఎక్కిస్తే వాటికీ ఆ లక్షణాలు కొన్ని వచ్చినాయి.

మనుషుల్లో చూస్తే, 2019లో బెల్జియంలో వెయ్యి మందికి పైగా జనాన్ని పరీక్షిస్తే డిప్రెషన్ ఉన్నవాళ్లలో కాప్రోకాకస్, డయలిస్టర్ అనే రెండు రకాల బ్యాక్టీరియా తక్కువగా కనపడినాయి. తక్కువ ఉన్నందుకు దిగులొచ్చిందా, దిగులొచ్చి సరిగ్గా తినక అవి తగ్గినాయా, ఆ పరీక్ష అది చెప్పలేదు. వానకి ముందు చీమలు బయటికొస్తాయి, అట్లని చీమలు వానని తెచ్చినాయంటామా. సంబంధం ఉందన్నది నిజం, ఫలానా బ్యాక్టీరియా మింగితే దిగులు పోతుందన్నది మాత్రం ఇంకా రుజువు కాలేదు.

ప్రశ్న: అక్కా, మా ఆయన ఏడాది నుంచి డిప్రెషన్‌కి మాత్రలు వాడుతున్నాడు, ఇప్పుడు బాగున్నాడు, అంగడికి పోతున్నాడు. మాకు తెలిసినాయన ఒకరు ప్రోబయోటిక్ పౌడర్, అంటే మంచి బ్యాక్టీరియా ఉండే పౌడరంట, తెచ్చిచ్చి, సెరటోనిన్ 90 శాతం కడుపులోనే తయారవుతుంది, ఇది వాడితే ఆ మాత్రలు మానేయొచ్చు అంటున్నాడు. నెలకి రెండున్నర వేలు. మా ఆయనకి మానేయాలనే ఉంది. ఏం చేయాల?
— ఒక గృహిణి, అనంతపురం

జవాబు: మాత్రలు మానేయొద్దు చెల్లీ. ఈ పేజీలో మీరు వేరే ఏదీ చదవకపోయినా ఈ ఒక్క మాట చదవండి చాలు.

ఆ పెద్దమనిషి చెప్పిన 90 శాతం లెక్క నిజమే, అందుకే అది అంత ప్రమాదం, సగం నిజం పూర్తి అబద్ధంకంటే ఎక్కువ మోసం చేస్తాది. సెరటోనిన్ అంటే నరాల మధ్య కబుర్లు మోసే రసాయనం, ఒంట్లో ఉండేదాంట్లో 90 శాతం పైనే పేగు గోడల్లో తయారవుతుంది, కొన్ని బ్యాక్టీరియా దాని తయారీని పెంచుతాయని 2015లో ఎలుకల్లో చూసినారు కూడా. కానీ మెదడు చుట్టూ ఒక కంచె ఉంటాది, రక్తంలో తిరిగేవన్నీ లోపలికి రానీకుండా. పేగులో పుట్టిన సెరటోనిన్ ఆ కంచె దాటలేదు. పేగులోది పేగు కదలికలకి, మెదడు వాడుకునేది మెదడే తయారు చేసుకోవాల. మీ ఆయన మాత్ర మొదలుపెట్టిన మొదటి వారాల్లో వికారంగా ఉందన్నాడేమో అడిగి చూడండి, చాలామందికి ఉంటాది, ఆ మందు పేగులో ఉన్న సెరటోనిన్ మీద కూడా పనిచేసినందుకే.

పైన కార్క్ ఎలుకల్లో బెదురు తగ్గించిన బ్యాక్టీరియా అని రాసినాను కదా, దాన్నే తర్వాత మనుషులకి ఇచ్చి చూసినారు. 29 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి కొన్ని వారాలు అది, కొన్ని వారాలు ఉత్త మాత్ర ఇస్తే, రెండింటికీ స్ట్రెస్‌లో, మూడ్‌లో ఏం తేడా రాలేదని 2017లో వాళ్లే నిజాయితీగా అచ్చు వేసినారు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది. కొన్ని రకాలతో చేసిన వేరే ట్రయల్స్‌లో కొంచెం మేలు కనపడింది, అది కూడా మందులతో పాటు ఇచ్చినప్పుడు, మందుల బదులు కాదు. డబ్బా మీద ప్రోబయోటిక్ అని రాసినంత మాత్రాన ఆ రకమే అందులో ఉండదు.

డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుడు, నిద్రలేమి, ఒంట్లో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం, వీటన్నిటికంటే ముఖ్యంగా జబ్బు తిరగబెట్టడం జరుగుతాది. బాగున్నాడు అన్నారు చూడండి, ఆ బాగుండటం మాత్రల వల్ల కూడా అని ఆయనకి ప్రేమగా చెప్పండి. మానాలనుకుంటే రాసిచ్చిన డాక్టరు దగ్గరికే పోయి "ఎప్పుడు తగ్గించొచ్చు" అని అడగొచ్చు, అందులో తప్పేం లేదు. ఆ రెండున్నర వేలు ఇంట్లో పళ్లకి, గుడ్లకి, కూరగాయలకి పెట్టండి.

ప్రశ్న: మంచి బ్యాక్టీరియా కోసం ఏం తినాల మేడం? యూట్యూబ్‌లో కిమ్చి, కొంబుచా అని ఏవో పులియబెట్టినవి చెప్తున్నారు, మా ప్రొద్దుటూరులో యాడ దొరుకుతాయి?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అవి దొరక్కపోయినా పర్వాలేదమ్మా, మనకి సంగటి ఉంది. పెద్దపేగులో బ్యాక్టీరియా బతికేదే పీచు మీద. రాగుల్లో వంద గ్రాములకి సుమారు 11 గ్రాముల పీచు ఉంటాది, జొన్నల్లో 10, సజ్జల్లో 11 పైనే, పాలిష్ పట్టిన బియ్యంలో మాత్రం మూడు గ్రాముల లోపే. మనిషికి రోజుకి 25 నుంచి 30 గ్రాములు కావాల. మన అమ్మమ్మలు మూడు పూటలా సంగటి, రొట్టె, అలసందల పప్పు, ఉలవల చారు తిన్నారు, మనం వరి అన్నం పండగ తిండి నుంచి రోజు తిండిగా మార్చుకున్నాం, సంగటిని హోటల్లో నాటుకోడితో తినే స్పెషల్ ఐటెం చేసినాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి, ఎండకి తట్టుకుని మన నేలలో పండే గింజలే మన పేగుకి కూడా కావాల్సినవి, మనమే వదిలేసుకున్నాం.

పీచుని బ్యాక్టీరియా పులియబెడితే బ్యూటిరేట్ అనే ఆమ్లం పుడతాది, పెద్దపేగు గోడ కణాలకి అదే అన్నం. ఆ గోడ గట్టిగా ఉంటే లోపలి చెత్త రక్తంలోకి కారి ఒళ్లంతా వాపు పుట్టించకుండా ఉంటాది, ఆ వాపుకీ డిప్రెషన్‌కీ కొంతమందిలో సంబంధం ఉందని డాక్టర్లు చూస్తున్నారు.

పెరుగు, మజ్జిగ రోజూ మంచిదే, కానీ వాటి బ్యాక్టీరియా కడుపులో స్థిరంగా కాపురం పెట్టవు, వచ్చిపోయే చుట్టాలు, అందుకే రోజూ తినాల. మజ్జిగ పులుసుగా కాచితే ఆ చుట్టాలు చచ్చిపోతాయి, రుచి మాత్రం ఉంటాది. ఇడ్లీ పిండిని పులియబెట్టేది ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా, ఆవిరికి అదీ చస్తాది, కానీ పులిసినందుకు తేలిగ్గా అరుగుతాది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున మజ్జిగ, ఉల్లిగడ్డ కలిపే సద్దికూడు మాత్రం కాచకుండానే తింటాం కాబట్టి లెక్కలోకి వస్తాది. ఎండాకాలంలో మరీ పుల్లగా వాసన వస్తే తినొద్దు.

తిండి మార్చితే మనసు మారుతుందా అని అడిగేవాళ్ల కోసం ఒక పరీక్ష చెప్తా. 2017లో ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా అనే ఆమె బృందం డిప్రెషన్ ఉన్న 67 మందిని తీసుకుని సగం మందికి 12 వారాలు పప్పులు, కూరగాయలు, ముడి ధాన్యాలు, చేపలు ఉండే తిండి మీద డైటీషియన్ సాయం ఇచ్చినారు, మిగతావాళ్లకి అంతసేపూ తోడుగా మాట్లాడే మనిషిని ఇచ్చినారు. తిండి మార్చినవాళ్లలో 32 శాతం మందికి జబ్బు తగ్గిపోయే స్థాయికి వచ్చింది, రెండోవాళ్లలో 8 శాతం. చిన్న పరీక్ష, పైగా ఎవరికి ఏం ఇస్తున్నారో వాళ్లకే తెలుసు కాబట్టి నమ్మకం కూడా కొంత పనిచేసి ఉంటాది. చాలామంది మందులు కూడా వాడుతూనే ఉన్నారు. అయినా ఆశ పెట్టుకోదగ్గ ఫలితమే. ఒక్క జాగ్రత్త, ఉన్నట్టుండి పీచు పెంచితే నాలుగు రోజులు కడుపు ఉబ్బరం వస్తాది, మెల్లగా పెంచండి, నీళ్లు ఎక్కువ తాగండి.

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు, మాటలు రాలేదు, ఆటిజం అన్నారు. సిజేరియన్‌తో పుట్టినాడు, మొదటి ఏడాదిలో రెండు మూడు సార్లు యాంటీబయాటిక్ కూడా వాడినాం. దానివల్లే కడుపులో బ్యాక్టీరియా పోయి ఇట్లా అయిందని ఒకరు చెప్పినారు. అప్పటి నుంచి నిద్ర లేదు. తప్పు నాదేనా?
— ఒక తల్లి, కడప

జవాబు: కాదు తల్లీ. నీ తప్పు కాదు.

సిజేరియన్ బిడ్డల పేగుల్లో మొదట్లో బ్యాక్టీరియా వేరుగా ఉంటాయి, నిజమే. నెలలు గడిచేకొద్దీ ఆ తేడా చాలావరకు తగ్గిపోతాది, తల్లిపాలలో బిడ్డకి అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి, అవి ఉన్నది బిడ్డ కోసం కాదు, బిడ్డ కడుపులో బిఫిడోబ్యాక్టీరియా కోసమే. 2015లో స్వీడన్‌లో లక్షల మంది పిల్లల రికార్డులు తీసి, ఒకే తల్లికి సిజేరియన్‌తో పుట్టిన బిడ్డనీ మామూలుగా పుట్టిన బిడ్డనీ పోల్చి చూస్తే, ఆటిజానికి సిజేరియన్ కారణమనే మాట నిలబడలేదు. 2021లో ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లల్ని చూసినప్పుడు ఇంకా ముఖ్యమైంది తేలింది. ఆటిజం పిల్లలు ఒకే రకం తిండికి పట్టుబడతారు కదా, ఆ తిండి వల్లే వాళ్ల బ్యాక్టీరియా తేడాగా ఉంటాయి గానీ బ్యాక్టీరియా తేడా వల్ల ఆటిజం వచ్చిందనేదానికి ఆధారం దొరకలేదు. నీకు చెప్పినవాళ్లు కథని తలకిందులుగా చెప్పినారు.

బాబుకి మలబద్ధకమో కడుపునొప్పో ఉంటే మాత్రం అది చూపించు, మాటలు రాని బిడ్డ కడుపు నొప్పిని గోల చేసే చూపిస్తాడు, ఆ నొప్పి తగ్గితే చిరాకు తగ్గుతాది. కడుపు క్లీన్ చేస్తాం, బ్యాక్టీరియా మారుస్తాం అని వేలకి వేలు అడిగేవాళ్ల గడప తొక్కొద్దు. ఆ డబ్బు, ఆ టైం స్పీచ్ థెరపీకి పెట్టు, మూడేళ్లంటే ఇంకా చాలా మంచి వయసు. నీ నిద్ర కోసం 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బిడ్డ కోసం కాదు, నీకోసం చెయ్యి.

ప్రశ్న: మలం పరీక్ష చేసి కడుపులో ఏ బ్యాక్టీరియా ఉన్నాయో, మనకి డిప్రెషన్ వస్తుందో లేదో చెప్తారంట, చేయించుకోవచ్చా?
— గుంతకల్లు నుంచి ఒకరు

జవాబు: వద్దు. ఫలానా కూర్పు ఉంటే నార్మల్ అనే కొలత ఇంకా ఎవరి దగ్గరా లేదు, ఇడ్లీ తిన్న రోజు ఒకటి, మటన్ తిన్న రోజు ఇంకోటి వస్తాది.

ప్రశ్న: మా నాయనకి పదేళ్లుగా మలబద్ధకం, ఇప్పుడు చెయ్యి వణుకుతాంది, పార్కిన్సన్స్ అన్నారు. రెండింటికీ సంబంధం ఉందా?
— ఆదోని నుంచి ఒక కొడుకు

జవాబు: ఉండొచ్చు. చాలామందిలో వణుకు మొదలవడానికి ఏళ్ల ముందే మలబద్ధకం వస్తాది, జబ్బు కొందరిలో పేగు నరాల్లోనే మొదలై వేగస్ వెంట పైకి పోతుందేమో అని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. అట్లని మలబద్ధకం ఉన్న ప్రతివాళ్లూ భయపడాల్సిన పని లేదు, చాలామందికి అది నీళ్లు, పీచు, నడక తక్కువైనందుకే. మీ నాయనకి ఇచ్చే లెవోడోపా మాత్రని పేగులో ఎంటిరోకాకస్ అనే బ్యాక్టీరియా కొంత తినేస్తుందని కూడా 2019లో కనుక్కున్నారు, మాత్ర ఒక్కొక్కరికి ఒక్కో రకంగా పనిచేయడానికి అదీ ఒక కారణం కావచ్చు. మోషన్ సాఫీగా అయ్యేట్టు చూసుకోండి, మాత్ర అన్నంతో కాకుండా డాక్టరు చెప్పిన టైంకి వేయండి.

ప్రశ్న: మా అత్తమ్మకి 61 ఏళ్లు. రెండేళ్ల నుంచి "కడుపులో ఏదో తిరుగుతాంది, మంట, తినబుద్ధి కాదు" అంటాది. స్కానింగ్‌లు, ఎండోస్కోపీ, రక్త పరీక్షలు అన్నీ చేయించినాం, ఏం లేదు అంటారు. నటిస్తోందని మా ఇంట్లో మగవాళ్లు అంటున్నారు. కొడుకు, అంటే మా ఆయన, కువైట్‌లో ఉన్నాడు. ఆయన పోయినప్పటి నుంచే ఇది మొదలైందని నాకు అనిపిస్తాంది. ఎవరికి చూపించాల?
— ఒక కోడలు, కడప జిల్లా

జవాబు: అమ్మా, మొదలైంది ఎప్పుడో పట్టుకున్నది ఇంట్లో నువ్వొక్కదానివే.

మన భాషలోనే చూడు, దుఃఖం వస్తే కడుపు తరుక్కుపోయింది అంటాం, బిడ్డ దూరమైతే కడుపుకోత అంటాం, ఓర్చుకోలేకపోతే కడుపు మండిపోతోంది అంటాం. మీ అత్తమ్మ వయసు ఆడవాళ్లకి "నాకు దిగులుగా ఉంది" అని చెప్పడం ఎవరూ నేర్పలేదు, చెప్తే వినే మనిషీ ఉండడు, కడుపు నొప్పి అంటే కనీసం ఆసుపత్రికి తీసుకుపోతారు. ఆమె కావాలని చేస్తోందని కాదు, నిజంగానే నొప్పి ఉంటాది, దిగులు నెలల తరబడి ఉంటే పేగు నరాలు సున్నితమైపోయి మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తాది, తినడం తగ్గితే బ్యాక్టీరియా కూర్పు కూడా పలచబడతాది. "ఏం లేదు" అని డాక్టరు చెప్పింది పుండు లేదు, గడ్డ లేదు అని. ఇంట్లోవాళ్లు విన్నది ఇంకోటి.

రాత్రి ఎన్ని గంటలకి మెలకువ వస్తోందో అడుగు. తెల్లారుజామున మూడింటికి లేచి పైకప్పు చూస్తా పడుకుంటోందా, ముందు ఇష్టంగా చేసే పని ఏదైనా మానేసిందా, ఇరుగుపొరుగుతో మాటలు తగ్గినాయా, చూడు. చేయించిన పరీక్షల్లో థైరాయిడ్, బీ12 ఉన్నాయో లేదో రిపోర్టులు తీసి చూసుకో, మాంసం గుడ్లు తినని పెద్దవాళ్లలో, ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గుతాది, దానికి కూడా దిగులు, మతిమరుపు, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి, ఇంజెక్షన్లతో సరిపోతాది. అవి బాగుంటే కడప ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటాది, అక్కడికి తీసుకుపో. పిచ్చి డాక్టరు అంటే ఆమె రాదేమో, "కడుపు నరాల డాక్టరు" అని చెప్పినా అబద్ధం కాదు, ఇంతసేపూ చెప్పింది అదే కదా.

మీ ఆయన ఫోన్ చేసినప్పుడు నువ్వే ముందు మాట్లాడి ఒకటి చెప్పు. "అమ్మా, కడుపు నొప్పి ఎట్లుంది, మాత్ర వేసుకున్నావా" అని మొదలుపెట్టొద్దని. ఈరోజు ఏం వండినావు, ఎదురింటివాళ్లు ఎట్లున్నారు, ఆవు ఈనిందా, ఇట్లాంటివి అడగమను, వీడియో కాల్‌లో తను తింటున్న అన్నం ఆమెకి చూపించమను, ఆమె తినేదాకా ఫోన్ పెట్టొద్దని చెప్పు.